ఇంజనుకీ ఆకలేస్తుంది!

మనిషి ఆకలి గురించి మన వార్షిక సంచికలో ఏటా కథలూ, కవితలూ వస్తూనే ఉన్నాయి. ఇంజను ఆకలి గురించి మాత్రం ఎవరూ రాయగా నేను చూడలేదు. నోరులేని జీవి గనక దాని బాధ మనకెందుకులే అనుకున్నారేమో! కానీ మహాశయులారా, ఇంజనుకి నోరుంది. దాని పేరు సైలెన్సర్. పేరుకే సైలెన్సర్ గాని, బండిలో అది మాట్లాడినంతగా మరే భాగమూ మాట్లాడదు. ఆ మాటల అర్థం తెలుసుకోవడానికి మాకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల సంగతే ఈ వ్యాసం.

మేము అంటే నేనూ, మా పెద్దనాయన కొడుకూ. మాది చౌటుప్పల్ దగ్గర పల్లె. ఇద్దరం దిల్‌సుఖ్‌నగర్ పి అండ్ టి కాలనీలో ఓ మేడమీది రేకుల గదిలో ఉంటాం. నేను మీరెరిగిన వాణ్ణే, మెకానికల్ మూడో సంవత్సరం, కిటికీ పక్క బెంచీ. అన్న పగలు గ్రూప్స్ కోచింగుకి పోతాడు, రాత్రి ఏడు నుంచి పన్నెండు దాకా బండి మీద ఇంటింటికీ భోజనం పొట్లాలు చేరవేస్తాడు. దిల్ అంటే మనసు, సుఖ్ అంటే సుఖం. ఆ రెండూ పేరులోనే ఉన్న ఈ పేటలో వేలమంది పిల్లలు ఉద్యోగం వచ్చేదాకా ఆ రెండింటినీ వాయిదా వేసుకుని బతుకుతూ ఉంటారు. మా అన్న వాళ్లలో ఒకడు. ఆ రాత్రి సంపాదనతోనే గది అద్దె, ఇద్దరి తిండి, నర్సింగు చదివే మా చెల్లె ఫీజూ నడవాలి. అంచేత మా ఇంట్లో బండి అంటే షికారు వస్తువు కాదు. పాడి గేదె లాంటిది.

ఆ బండి 150 సీసీది, 2014 మోడలు, కార్బురేటరు రకం. అన్న దాన్ని 2021లో సెకండ్ హ్యాండులో కొన్నాడు. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు పక్క కాలనీలు మునిగినప్పుడు ఆ బండి కూడా నీళ్లలో నిలబడిందట. అమ్మినాయన ఆ మాట దాచలేదు. ధర తగ్గించి ఇచ్చాడు. ఇంజను విప్పి శుభ్రం చేయించారు గాని, సైలెన్సర్ని లోపలినుంచి తుడిచేవాడెవడు?

ఇక్కడ చిన్న రసాయన శాస్త్రం చెప్పాలి. విసుక్కోకండి. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. నమ్మబుద్ధి కాదు గాని, పెట్రోల్లో ఉన్న హైడ్రోజనంతా గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరే అవుతుంది. దూర ప్రయాణమైతే ఆ నీరు ఆవిరిగా బయటికి పోతుంది. కొత్తపేటలో పొట్లం ఎక్కించుకుని చైతన్యపురిలో దించే బండికి గొట్టం వేడెక్కే లోపే ప్రయాణం అయిపోతుంది. నీరు సైలెన్సర్ కడుపులోనే చల్లబడి నిలుస్తుంది. తుప్పు లోపలినుంచి తినుకుంటూ వస్తుంది. పైన క్రోమియం మెరుస్తూనే ఉంటుంది. రెండుసార్లు వెల్డింగు చేయించాం. 2025 వానాకాలంలో ఓ రాత్రి అది అడుగునించి రెండుగా విడిపోయింది.

కంపెనీ సైలెన్సర్ ధర అడిగితే అన్న మొహం వాడిపోయింది. చెల్లె ఫీజు గడువు నెలాఖరు. బయట తయారైన సైలెన్సర్ అందులో మూడోవంతుకి కూడా తక్కువకే దొరికింది. కొందరు కుర్రాళ్లు ఊరు దద్దరిల్లాలని అలాంటివి తగిలించుకుంటారు. అన్నకి ఆ మోజు లేదు. తుప్పు తప్ప మరో కారణం లేదు. ఆ సాయంత్రమే ఓ దుకాణంలో బిగించారు. ఏడింటికల్లా అన్న పనిలోకి పోయాడు.

మొదటి రాత్రే దాని భాషణ మొదలైంది. త్రాటిల్ వదలగానే వెనక టప్, టప్, టప్ అని పేలుడు. వీధికుక్కలు లేచి మొరిగేవి. కొనుక్కున్నవాళ్లు పొట్లం అందుకుంటూ, "ఏందన్నా, దీపావళి ముందే తెచ్చినవా?" అని నవ్వేవారు. రెండోరోజు నుంచి నవ్వు తగ్గింది. పొద్దున చోక్ లాగితే గాని లేవదు. లేచినా చోక్ తీస్తే ఆగిపోతుంది. ఇంజను మునుపటికన్నా మండిపోతోంది. కాలు దగ్గర పెట్టలేకుండా ఉంది. తలకి తగిలే చోట కొత్త గొట్టం నీలం రంగుకి తిరిగింది. త్రాటిల్ పూర్తిగా తిప్పితే ముందుకు దూకాల్సింది పోయి, ఓ క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి, తర్వాత కదులుతుంది.

ఆ ఒక్క క్షణమే నాలుగోరోజు రాత్రి అన్న ప్రాణం మీదికి తెచ్చింది. ఎల్.బి.నగర్ చౌరస్తా మీకు తెలుసుగా! విజయవాడ రోడ్డూ, సాగర్ రోడ్డూ, నాగోల్ వైపు దారీ అన్నీ అక్కడే కలుస్తాయి. పైన ఫ్లైఓవర్లు, కింద అండర్‌పాసులు, వాటి మధ్య లారీలు. లేన్ మారుదామని అన్న త్రాటిల్ తిప్పాడు. బండి ముక్కింది. వెనక లారీ వాడు హారన్ కొడుతూ బ్రేకు తొక్కాడు గనక సరిపోయింది. గదికి వచ్చి అన్నం ముందు కూర్చుని చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "తమ్మీ, బండి చూడరా. లేకుంటె నేను పని బంద్ జేస్త. చెల్లెకు ఏం జెప్పాల్నో గది గూడ నువ్వే చూడు," అన్నాడు. మా అన్న అంత పొడుగు మాట మాట్లాడడం అరుదు.

మర్నాటి నుంచి సలహాలకు కొదవ లేదు. బిగించిన దుకాణం కుర్రాడు, "పెద్ద జెట్ వేస్కోండ్రి, సెట్ అయితది," అన్నాడు. పక్క గది మిత్రుడు సగం చోక్ వేసే నడుపుకోమన్నాడు. పెట్రోలు బంకులో ఒకాయన, "ఇప్పటి పెట్రోలే గంత, ఏ బండైనా గంతే," అని తేల్చేశాడు. మా క్లాసు మేధావి ఒకడు ఎయిర్ ఫిల్టరు తీసి పారెయ్యమన్నాడు. రోగి ఒక్కడు, వైద్యులు నలుగురు, నాడి చూసినవాడు ఒక్కడూ లేడు!

నాకు తెలిసింది పుస్తకం. పుస్తకం ప్రకారం ఇంజనుకి భోజనం గాలీ, పెట్రోలూ కలిపి పెట్టాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి అంతకన్నా ఎక్కువైతే, అంటే పెట్రోలు చాలకపోతే, దాన్ని లీన్ అంటారు. పెట్రోలు ఎక్కువైతే రిచ్. పూర్తి బలం కావాలన్నప్పుడు ఇంజను 12.5, 13 దగ్గర తింటుంది. ఆ అదనపు పెట్రోలు బలానికే కాదు, ఆవిరవుతూ లోపల చల్లదనమూ ఇస్తుంది. అది అందకపోతే మంట నిదానంగా సాగుతుంది, ఎగ్జాస్టు వాల్వు తెరిచేదాకా ఇంకా మండుతూనే ఉంటుంది, వేడి వాల్వుకీ గొట్టానికీ ఎక్కుతుంది. మరీ ముదిరితే పిస్టన్ తలకి చిల్లి పడుతుంది. ఆకలితో ఉన్నవాడికి నీరసం రావాలి గాని జ్వరం రావడమేమిటని మీరడగొచ్చు. ఇంజను సంగతి అంతే. దానికి ఆకలే జ్వరం.

అన్న బండి లక్షణాలన్నీ లీన్‌వే. పెద్ద జెట్ వేసేస్తే సరి అని నాకూ అనిపించకపోలేదు. అయితే లక్షణం ఒకటైనా కారణాలు అయిదారు ఉండొచ్చు. అందుకని ఓ కాగితం మీద అన్నీ రాసుకుని, బండి తీసుకుని మెల్లగా ఎల్.బి.నగర్ పోయాను. మెట్రోలో అయితే మూడు స్టేషన్ల దూరం. స్తంభాల నీడన నలభై నిమిషాలు పట్టింది, మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది.

సాగర్ రోడ్డు వైపు ఓ సందులో రేకుల షెడ్డు. అందులో ఉస్తాద్. అరవై దాటిన మనిషి. స్కూటర్ల కాలం నించి ఇదే పని. మా కాలనీలో డెలివరీ కుర్రాళ్లంతా ఆయన పేరే చెబుతారు. నా కాగితం చూసి కళ్లజోడు సర్దుకుని, "ఇంజనీరా బేటా? అచ్ఛా. ఇండ్ల ఏది ముందు చూస్తవ్?" అన్నాడు.

"జెట్," అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "జెట్ ఆఖర్ల. బండికి ఆకలైతుంది అంటున్నవ్. అన్నం తక్కువ వండిండ్రా, ప్లేట్‌ల పెట్టినంక ఎవడన్న తింటుండా, లేకుంటె కడుపు నిండినా ఉట్టిగనే ఏడుస్తుందా? మూడు అలగ్ అలగ్ బీమారీలు. ఏడుపు ఒక్కటే. జర ఆగు, దాన్ని పూరా సల్లబడనియ్యి."

నేను నాలుగు సెమిస్టర్లు చదివిన ఇంటర్నల్ కంబష్చన్ ఇంజన్ల పేపరు సారం ఆ మూడు ముక్కల్లో ఉంది. రోగనిర్ణయం అనే మాటకి ఇంతకన్నా మంచి పాఠం నేను వినలేదు. మొదటిది అసలు పెట్రోలు రావడం లేదా అన్నది. రెండోది కార్బురేటరు దాటాక ఎక్కడో దొంగగాలి కలుస్తోందా అన్నది. మూడోది ఇంజను సరిగ్గానే తింటున్నా సైలెన్సర్లో మాత్రం పేలుడు వినిపిస్తోందా అన్నది. ఈ మూడూ కాదని తేలాకే జెట్ మాట.

మొదటి పరీక్షకి ఖర్చు లేదు. కార్బురేటరు గిన్నె కింద ఉన్న చిన్న స్క్రూ వదులు చేసి సీసా పట్టాడు. పెట్రోలు సన్నని తీగలా తెగకుండా కారింది. ట్యాంకు మూత పెట్టీ, తీసీ చూశాడు; ధారలో తేడా లేదు. మూతకి గాలి రంధ్రం మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి పెట్రోలు దిగదు. లీన్ లక్షణాలే కనబడతాయి. మా బండికి ఆ జబ్బు లేదు. సీసా అడుగున నీళ్లూ, మట్టీ లేవు. కాగితం మీద ఒక గీత కొట్టాం.

రెండోది దొంగగాలి. కార్బురేటరుకీ ఇంజను తలకీ మధ్య ఓ రబ్బరు గొట్టం ఉంటుంది. పదేళ్ల రబ్బరు చీలితే ఆ చీలికలోంచి పెట్రోలు లేని గాలి లోపలికి పోతుంది. బండి స్టార్టు చేసి, ఐడిల్‌లో ఉంచి, ఆ అతుకుల చుట్టూ ఉస్తాద్ పిచికారీ సీసాతో నీటి తుంపరలు కొట్టాడు. చీలిక ఉంటే నీరు దాన్ని ఓ క్షణం మూస్తుంది, ఇంజను మోత మారుతుంది. మారలేదు. ఇంకో గీత. కొందరు ఈ పనికి మండే ద్రవాలు చల్లుతారు. వేడెక్కిన ఇంజను మీద అలాంటివి వద్దని ఆయన మరీ మరీ చెప్పాడు. మిత్రులకి నేనూ అదే చెబుతున్నాను.

మూడోది సైలెన్సర్ అతుకు. బండి మళ్లీ చల్లారేదాకా ఆగాం. టీ తాగాం. తర్వాత స్టార్టు చేసి, గొట్టం ఇంజను తలకి చేరే చోట ఓ సన్నని కాగితం చీలిక పట్టుకున్నాడు. కాగితం ఫడఫడా కొట్టుకుంది. "చూడు, ఇడ ఊదుతుంది. ఊదిన కాడ గుంజుతది గూడ," అన్నాడు. అతుకు పక్కనే పొగచూరిన నల్లని గీత ఉంది. నట్లు విప్పితే గుట్టు బయటపడింది. పాత గ్యాస్‌కెట్ నలిగి గాడిలోనే అంటుకుని ఉంది. బిగించినవాళ్లు దాన్ని తీయకుండా మీదనే కొత్తది పెట్టారు. ఒక పక్క ఆనింది, ఇంకో పక్క వెంట్రుకంత సందు.

ఆ సందు ఏం చేస్తుందో చెప్పాలి. ఎగ్జాస్టు పొగ గొట్టంలో నదిలా పారదు. దెబ్బలు దెబ్బలుగా పోతుంది. ఒక దెబ్బ పోగానే దాని వెనక ఒత్తిడి గాలి ఒత్తిడికన్నా తగ్గుతుంది. అప్పుడు సందులోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. త్రాటిల్ మూసినప్పుడు సిలిండర్లో సరిగ్గా మండని పెట్రోలు ఆవిరి గొట్టంలోకి వస్తుంది. దానికి ఈ కొత్త గాలి తోడై, వేడి గొట్టంలో మండితే టప్! ఇంజను తిండికీ ఈ మోతకీ సంబంధం లేదు. కడుపు నిండినా ఏడవడమంటే ఇదే. పైగా 2020 తర్వాత వచ్చిన ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లలో ఇది ఇంకా తమాషా. వాటి గొట్టంలో ఆక్సిజన్ సెన్సార్ ఉంటుంది. దాని ముందు సందు ఉంటే, లోపలికి దూరిన బయటి గాలిని చూసి బండి లీన్‌గా ఉందని అది కంప్యూటరుకి చాడీ చెబుతుంది. కంప్యూటరు నమ్మి పెట్రోలు పెంచుతుంది. చదివితే లీన్, నిజానికి రిచ్!

పాత గ్యాస్‌కెట్ ముక్కల్ని ఉస్తాద్ చిన్న ఉలితో గీకి, కొత్త రింగు పెట్టి, రెండు నట్లనూ పావు తిప్పు ఒకటి, పావు తిప్పు ఇంకొకటిగా మార్చి మార్చి బిగించాడు. టప్‌టప్‌లు ముప్పాతిక పోయాయి. మిగిలిన పావు ఎక్కడిదని అడిగాను. ఇంజను పక్కనుంచి ఎగ్జాస్టు దగ్గరికి పోయే వేలంత గొట్టాన్ని చూపించాడు. పొగ తగ్గించడానికి కంపెనీవాళ్లే ఎగ్జాస్టులోకి కొంచెం మంచిగాలి పంపే ఏర్పాటది. ఆ గొట్టాన్ని క్షణంసేపు నొక్కి పట్టి చూపాడు. మిగతా పేలుడూ ఆగింది. వదిలేశాడు. "దీన్ని బంద్ జేస్తె ఆవాజ్ పోతది, గాలి ఖరాబ్ అయితది. ఉండనియ్యి. సైలెన్సర్ల జాలి లేదు గనక నీకు వినబడుతుంది, గంతే," అన్నాడు.

ఇక్కడితో కథ ముగిసిందని అన్న సంతోషించాడు. ఆ రాత్రి పనికి పోయాడు. పేలుడు లేదు, కుక్కలు లేవలేదు. కానీ తిరిగొచ్చి, "సప్పుడైతె తగ్గింది గని, తిప్పితె గట్లనే ఆగుతుంది తమ్మీ," అన్నాడు. ఉస్తాద్ చెప్పిన మాట విలువ అప్పుడు తెలిసింది. చప్పుడు ఒక జబ్బు, ముక్కడం వేరే జబ్బు. రెండూ ఒకే రోజున, ఒకే సైలెన్సర్‌తో వచ్చాయి గనక అంతా ఒకటే అనుకున్నారు. మొదటి రోజునే పెద్ద జెట్ వేసి ఉంటే పేలుడు అలాగే ఉండేది. జెట్ చాలలేదేమోనని ఇంకా పెద్దది వేసేవారు. పెట్రోలు ఏరులై పారేది. అతుకు దగ్గర సందు మాత్రం చల్లగా నవ్వుకునేది.

మర్నాడు పొద్దున అయిదింటికి ఉస్తాదూ, నేనూ, అన్నా హయత్‌నగర్ వైపు పోయాం. ఒకప్పటి తొమ్మిదో నంబరు, ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి. ఆ వేళకి మనుషులింకా లేవలేదు. ముందు ఓ చిన్న పరీక్ష. త్రాటిల్ బాగా తిప్పి పోతున్నప్పుడు చోక్ కొంచెం లాగమన్నాడు. చోక్ పని గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచడం. బాగా తింటున్న ఇంజనైతే చోక్ వేస్తే ఉక్కిరిబిక్కిరి కావాలి. మా బండి అలా కాలేదు సరికదా, హుషారుగా ముందుకు లాగింది! అంటే ఈసారి ఏడుపు నిజమైన ఆకలే.

రెండో పరీక్ష ప్లగ్గుది. మూడో గేరులో త్రాటిల్ నిండా తిప్పి కొంతదూరం పోయి, ఒక్కసారి క్లచ్ పట్టి, కిల్ స్విచ్ నొక్కి, రోడ్డు పక్కకి జారుకుంటూ వచ్చి ఆగాలి. ఐడిల్‌లో నడవనివ్వకూడదు, నడిస్తే ఆ రంగు వచ్చి అసలు రంగును కప్పేస్తుంది. ప్లగ్గు విప్పి చూస్తే ముక్కు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. సరైన తిండికి లేత గోధుమరంగు రావాలి. రిచ్ అయితే మసి.

మరి సైలెన్సర్ మారితే ఆకలెందుకు వేసింది? గాలి ఎక్కువ పోతే పెట్రోలు కూడా ఎక్కువే పీలుస్తుంది కదా, బెర్నూలీ గారు 1738లోనే పుస్తకం రాశారు కదా అని నేనూ ఆలోచించాను. కార్బురేటరు ఇరుకు గొంతులో గాలి వేగం పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది, ఆ తగ్గుదలకే పెట్రోలు పైకి లేస్తుంది. నిజమే. కానీ కార్బురేటరు అంత ఖచ్చితమైన తక్కెడ కాదు. అది ఫలానా సైలెన్సర్, ఫలానా ఫిల్టరు ఉంటాయని నమ్మి కుదిర్చిన తక్కెడ. మైలేజీ కోసం, పొగ నియమాల కోసం కంపెనీవాళ్లు ముందే పొదుపు వైపు కట్టి పెట్టారు. జాలీ, అరలూ లేని గొట్టం వచ్చేసరికి సిలిండర్లో పాత పొగ త్వరగా ఖాళీ అయింది, కొత్తగాలి ఎక్కువ నిండింది, పెట్రోలు ఆ పాళ్లలో పెరగలేదు.

బంకు పెద్దాయన మాటలో కూడా సగం నిజం ఉంది. ఈ బండి పుట్టిన 2014లో దేశం మొత్తం మీద పెట్రోల్లో ఇథనాలు రెండు శాతం లోపే. 2025 నాటికి అది ఇరవై శాతం, అదే ఇ-20. ఇథనాల్లో ఆక్సిజన్ ముందే ఉంది గనక దానికి గాలి తక్కువ కావాలి: గ్రాముకి దాదాపు 9 గ్రాములు చాలు. లెక్క వేస్తే ఇ-20కి 14.7 బదులు సుమారు 13.5 వస్తుంది. అంటే పాత జెట్ కొలిచి ఇచ్చే పెట్రోలు కొత్త పెట్రోలు లెక్కన నూటికి ఎనిమిది పాళ్లు తక్కువ. ఇంజెక్షన్ బండి సెన్సార్ చూసి సర్దుకుంటుంది. కార్బురేటరుకి కళ్లు లేవు. అన్న బండి ఇంతకాలం అరాకొరా తింటూ నెట్టుకొచ్చింది. సైలెన్సర్ మారడంతో ఆ అరాకొరా కూడా చాలలేదు. ఒంటె వీపు మీద కాదు గాని, మన ఊరి భాషలో చెప్పాలంటే నిండిన బండికి సోరకాయ బరువైంది.

అప్పుడు జెట్ వంతు వచ్చింది. పాతదాని మీద 105 అని చెక్కి ఉంది. రంధ్రం వెడల్పు మిల్లీమీటరు చిల్లర. ఉస్తాద్ 108 వేశాడు. మూడంకెలు పెరిగితే ఏముందనుకోకండి. వైశాల్యం వెడల్పు వర్గం మీద ఆధారపడుతుంది గనక రంధ్రం నూటికి ఆరు పాళ్లు పెరుగుతుంది. మళ్లీ రోడ్డు, మళ్లీ ప్లగ్గు. ఈసారి ముక్కు లేత గోధుమరంగు. త్రాటిల్ తిప్పితే బండి ముక్కలేదు. నా కుతూహలం కొద్దీ 110 కూడా చూద్దామన్నాను. చూశాం. ప్లగ్గు నల్లబడింది, పైగేరులో బండి మొద్దుబారింది. 108కే తిరిగొచ్చాం. ఐడిల్ కోసం పైలట్ స్క్రూ అర తిప్పు వదిలాం; పొద్దున చోక్ అవసరం తగ్గింది. ప్రతి మార్పు తర్వాత ఆగి, చూసి, కాగితం మీద రాశాం. ఒకసారికి ఒకే మార్పు. రెండు కలిపి మారిస్తే ఏది మందో, ఏది విషమో ఎవడికి తెలుస్తుంది?

కూలి పుచ్చుకున్నాక ఉస్తాద్ పాత 105 జెట్‌ని ఓ అగ్గిపెట్టెలో పెట్టి అన్న చేతికిచ్చాడు. "కంపెనీ సైలెన్సర్ వేసిననాడు ఇది మళ్ల వెయ్యాలె. ఈ పైపు నీ పేటకు కాదు బేటా, మజ్బూరీ పైపు. పోలీసోళ్లకు మజ్బూరీ తెల్వది," అన్నాడు.

ఆ మాట నిజం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని మన ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతి స్పష్టం చేసింది. మోతా, పొగా హద్దు మీరితే 190వ సెక్షను రెండో ఉపవిభాగం ఉంది. 2019 సవరణ తర్వాత మొదటి తప్పుకే మూడు నెలల దాకా జైలో, పదివేల దాకా జరిమానానో, రెండూనో. దానితోపాటు మూడు నెలలు లైసెన్సు చెల్లదు. సరదాకి బండి నడిపేవాడికి మూడు నెలలంటే బస్సు ప్రయాణం. మా అన్నకి మూడు నెలలంటే మూడు నెలల బియ్యం. ఇంకొకటి కూడా ఉంది. కంపెనీ సైలెన్సర్ కడుపులో విషవాయువుల్ని విరిచే కేటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. చవక గొట్టంలో అది లేదు. మనం పొదుపు చేసిన డబ్బుకి వడ్డీ చైతన్యపురి సిగ్నల్ దగ్గర నిలబడే పిల్లల ఊపిరితిత్తులు కడతాయి. ఇది చెప్పినప్పుడు అన్న, "గట్లయితె పైసలు జమ జేస్త," అన్నాడు. అంతే అన్నాడు.

చెల్లె ఫీజు గడువుకి ఒకరోజు ముందు కట్టాం. బండి ఆగిన నాలుగు రాత్రుల లోటుని నా మెస్సు డబ్బులు పూడ్చాయి; ఆ నెల కాలేజీ క్యాంటీన్‌లో నన్ను పిలిచి టీ తాగించిన మిత్రులకి ఇప్పుడైనా కారణం తెలిసిందనుకుంటాను. అన్న రోజుకి కొంత పక్కన పెట్టి, నాలుగు నెలలకి కంపెనీ సైలెన్సర్ కొన్నాడు. ఉస్తాద్ షెడ్డులోనే బిగించాం. 105 జెట్ అగ్గిపెట్టెలోంచి బండిలోకి పోయింది, 108 బండిలోంచి అగ్గిపెట్టెలోకి వచ్చింది. ఆ మార్పు మరిచిపోతే బండి రిచ్‌గా నడిచి, పెట్రోలు తాగి, కొత్త కన్వర్టర్‌ని మసితో చంపేది. ఇప్పుడు అది పేరుకి తగ్గట్టు సైలెన్సరే. అన్న అర్ధరాత్రి గేటు తీస్తే గాని వచ్చాడని తెలియదు.

మన కాలేజీ సైకిలు స్టాండు ఇప్పుడు బళ్ల స్టాండు. అందులో ఎన్నో బళ్లు రోజూ ఏదో చెబుతూ ఉంటాయి. మీ బండి టప్‌మంటే వెంటనే జెట్ కొనకండి. ముందు పెట్రోలు పారుతోందో లేదో చూడండి. తర్వాత రబ్బరు చూడండి. తర్వాత చల్లారిన ఇంజను మీద ఎగ్జాస్టు అతుకు చూడండి. అవన్నీ బాగుండి, చోక్ లాగితే హుషారెక్కి, ప్లగ్గు తెల్లబడితే అప్పుడు జెట్. ఈ వరస తప్పకపోతే ఖర్చు చాలామటుకు ఓ గ్యాస్‌కెట్ దగ్గరే ఆగిపోతుంది. అనుమానముంటే పి అండ్ టి కాలనీకి రండి. ప్లగ్గు స్పానరూ, కాగితం చీలికలూ మా గదిలో ఉన్నాయి. టీ ఖర్చు మాత్రం మీది.